జంపఖానా మీద ఆంప్లిఫయర్

సాయంత్రం ఐదింటిలోగా రెండు నిమిషాల గిటార్ బాణీ ఒకటి రికార్డు చేసి పంపాలి. హైదరాబాద్‌లో ఒక బ్యాండ్‌వాళ్లకు గిటార్ వాయించే మనిషి కావాలట. మొదట నేను పంపింది విని, "బాగా వాయించారు, కానీ శబ్దం పగిలిపోయింది, ఇంకొక్కసారి పంపండి" అన్నారు. ఇంకొక్కసారి అంటే ఇంకొక్కసారే. ఇదీ పాడైతే నా సంగతి అంతే.

తప్పెక్కడుందో సగం నాకే తెలుసు. కొత్తవాడలో మా ఇంటికి రెండిళ్ల అవతల మరమగ్గాలు నడుస్తాయి. మావాళ్లు వాటిని సాంచెలంటారు. ఆ చప్పుడులో పుట్టి పెరిగినవాళ్లం, అన్నంలోకి ఉప్పు అడగాలన్నా అరిచే అడుగుతాం. ఆ అలవాటు కొద్దీ ఆంప్లిఫయర్‌నూ మైకునూ చివరిదాకా పెంచి పెట్టాను. లాప్‌టాప్ తెర మీద గీత ఎర్రబడి పైకి తగిలింది. రెండూ సగానికి తగ్గించాక పగుళ్లు పోయాయి. హమ్మయ్య అనుకునేలోగా, లావు తీగ మీటినప్పుడల్లా అడుగున 'జుర్ర్' మని ఇంకేదో మోత.

వైరు మార్చాను. మైకును వెనక్కి జరిపాను, పక్కకు జరిపాను. ఫ్యాన్ ఆపి చెమటలు కక్కాను. సుబేదారిలో ఎవరో వాడేసిన ఆంప్లిఫయర్ కొన్నందుకు నన్ను తిట్టుకున్నాను, దాన్నీ తిట్టాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మూడున్నరయింది.

బాపు గుమ్మంలోకి వచ్చాడు. ముప్పై ఏళ్లు సాంచెల మధ్య నిలబడి చెవులు పోగొట్టుకున్న మనిషి. అరిస్తే తప్ప వినబడదు. నా గిటార్ ఆయన ఎన్నడూ విన్నది లేదు.

"ఏమైంది బిడ్డా, మొకం గట్ల పెట్టినవ్?"

"ఏదో మోగుతాంది బాపూ! ఏందో దొర్కుతలేదు!" అని అరిచాను.

"ఆ లావు తీగ కొట్టు. ఆపకు."

కొట్టాను. షెడ్డులో ఇరవై సాంచెలు ఒకేసారి ఆడుతుంటే ఏ బోల్టు వదులైందో చెవికి తెలియదు, చెయ్యి పెట్టి చూడాల్సిందే. బాపు ఇక్కడా అదే పని మొదలుపెట్టాడు. ఆంప్లిఫయర్ మీద అరచెయ్యి పెట్టి తల అడ్డంగా ఊపాడు. మైకు స్టాండు పట్టుకున్నాడు, కిటికీ చువ్వలు పట్టుకున్నాడు. చివరికి ఆంప్లిఫయర్ కింద ఉన్న ఇనుప సందుగు మీద చెయ్యి వేసి నవ్వాడు.

"దొంగ ఈడున్నడు."

సందుగు నిండా అమ్మ దాచిన స్టీలు గిన్నెలు. నేను తీగ మీటినప్పుడల్లా అవి లోపలినుంచి వంత పాడుతున్నాయి. బాపు ఆంప్లిఫయర్‌ను కిందికి దించి, నాలుగు మడతలేసిన జంపఖానా మీద కూర్చోబెట్టాడు. మోత మాయం. ఎగిరి గంతేయాలనిపించింది, మెడలో గిటార్ ఉంది కాబట్టి ఊరుకున్నాను.

బాణీ మొత్తం వాయించాను. బాపు పక్కనే కూర్చుని, ఆంప్లిఫయర్ మీది చెయ్యి తియ్యలేదు. రికార్డింగ్ కడిగిన ముత్యంలా వచ్చింది. పంపబోతుంటే అన్నాడు: "నడుమల జర తొందరపడ్డవ్."

నాకు ఒళ్లు మండింది. "నీకు ఇనబడదు గద బాపూ!" అన్నాను. అరిచే అన్నాను కాబట్టి ఆ మాట మాత్రం బాగానే వినబడింది. నాలుక కరుచుకున్నాను.

ఆయనేమీ అనుకోలేదు. "నడుమల ఒక కాడ ఆగుతవ్ గద. ఇయ్యాల ఆగకుంట ఉరికినవ్."

పెట్టి విన్నాను. నిజమే. గడియారాన్ని చూసుకుంటూ వాయించిన తొందర అందులో తెలిసిపోతోంది. సిగ్గుపడి మళ్లీ మొదలుపెట్టాను. ఆగాల్సిన చోట ఆగాను, బాపు తల ఊపాడు. ఐదుకు పది నిమిషాలుండగా పంపాను. వారం తిరక్కుండా రమ్మని ఫోనొచ్చింది.

కానీ ఆ సాయంత్రం, పంపేసిన తరువాత, బాపు చెవి దగ్గరికెళ్లి అడిగాను, ఆడ ఆగుతనని నీకెట్ల ఎరుక అని.

"రోజు ఇంటున్న గద," అన్నాడు. "పొద్దుగాల నువ్వు కొడ్తాంటె, అవతలి అర్రల గోడకు చెయ్యి పెట్టుకొని కూసుంట. మీ అమ్మ నవ్వుతది."

రెండేళ్లుగా నేను వాయించిందంతా విన్నాడన్నమాట. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "ఇంకోటి కొట్టనా బాపూ?" అన్నాను, అరవడం మరిచిపోయి మెల్లగా.

ఆయనకు వినబడలేదు. నేను గిటార్ ఎత్తుకోవడం చూసి, జరిగి కూర్చుని ఆంప్లిఫయర్ మీద చెయ్యి పెట్టాడు.