సిద్దయ్య బోరు నీళ్లు, మెషిన్‌కు ఉప్పు

గౌడవెల్లి సిద్దయ్య నీళ్ల జాడ కోసం అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకుని నడుస్తుంటే చుట్టూ ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టి చూస్తారు. కాయ నిటారుగా లేచి నిలబడిన చోట ముగ్గు పోసి గుర్తు పెడతారు. మర్నాడో మూడోనాడో బోరు బండి వస్తుంది. మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా అలా ఆయన చూపిన బోర్లు బోలెడు. కొన్నింట్లో దుమ్ము తప్ప చుక్క లేవలేదు. వాటి సంగతి ఎవరైనా ఎత్తితే మాత్రం ఆయన ఎండల గురించి మాట్లాడతాడు.

ఆయనకు పొలం లేదు. ఒక్కగానొక్క కూతురు శైలజ నాగారంలో ఇల్లు కట్టుకుంటున్నప్పుడు ఇవ్వడానికి ఏమీ లేక, కాయ పట్టుకుని ఆ ప్లాటంతా తిరిగాడు. ఆయన చూపిన మూల బోరు వేస్తే నీళ్లు ఎగజిమ్మాయి. కాలనీలో ఎవరికీ అన్ని నీళ్లు పడలేదు. "నా బిడ్డకు నేను నీళ్లిచ్చిన" అని ఆ రోజు నుంచి కనబడిన వాళ్లందరికీ చెప్పుకున్నాడు. పుట్టింటి తరఫున కూతురికి అందింది అదొక్కటే.

ఆ నీళ్లకే ఇప్పుడు ఒక మెషిన్ వంక పెట్టింది.

శైలజ గిన్నెలు కడిగే మెషిన్ కొనుక్కుంది. నాలుగు రోజులు బాగానే కడిగింది. తర్వాత గ్లాసులు సున్నపు తేటలో ముంచి తీసినట్టు తెల్లగా బయటికి రావడం మొదలైంది. పౌడర్ మార్చింది. పౌడర్ మానేసి టాబ్లెట్ వేసింది. ఒకటి చాలదేమోనని రెండు వేసింది. గ్లాసుల తెలుపు గ్లాసులదే.

"బాపూ, నీళ్లల్లనే ఏదో ఉన్నట్టున్నది" అంది చివరికి, ఇంటికొచ్చిన తండ్రి మొహం వైపు చూడకుండా.

సిద్దయ్యకు చురుక్కుమంది. "నీళ్లకేమైంది? పౌడరే కల్తీది" అన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు కదా! మంచి పౌడర్ తెస్తానని తానే బజారుకు పోయాడు. దుకాణంలో పౌడర్ ఒకటి, టాబ్లెట్లు ఒకటి, గ్లాసులు మెరవడానికి నీలం మందు ఒకటి, అన్నీ ముందు పెట్టి, "మీయి ఉప్పు నీళ్లా, సప్పటి నీళ్లా?" అని అడిగారు. గిన్నెల సబ్బుకు ఇంటి నీళ్ల పుట్టుపూర్వోత్తరాలు ఎందుకో ఆయనకు అర్థం కాలేదు. ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

మెషిన్ బిగించిన నిఖిల్‌ను శైలజ మళ్లీ పిలిపించింది. అతను ఒక కాగితపు ముక్కను బోరు నీళ్లలో ముంచి తీశాడు. అది ఎర్రబడింది.

"గట్టి ఉప్పు నీళ్లక్కా. ఉత్త టాబ్లెట్ సరిపోదు. బిగించిన్నాడే అడిగిన గదా, నీళ్లెట్లుంటయని! 'బంగారమసొంటి నీళ్లు, నేను జూపిన బోరు, గా కాయితం ముంచుడెందుకు' అన్నడు అంకుల్. గందుకే మెషిన్ల నీళ్ల ఉప్పు లెక్క తక్కువల పెట్టిన."

శైలజ తండ్రి వైపు చూసింది. సిద్దయ్య గ్లాసెడు నీళ్లు పట్టి గటగటా తాగాడు.

"ఉప్పగ ఏడున్నయ్? తాగి సూడు!"

"నాలుకకు తెల్వదంకుల్, మెషిన్‌కు తెలుస్తది. ఇగ అడుగున గీ డబ్బాల ఉప్పు పొయ్యాలె."

"ఉప్పు నీళ్లంటివి. మళ్ల ఉప్పే పొయ్యమంటివి. నువ్వు సోయిల ఉండే మాట్లాడుతున్నవా?"

నిఖిల్ మెషిన్‌లో ఆ లెక్క పెంచి ఓపిగ్గా చెప్పాడు. నీళ్లలోని సున్నాన్ని మెషిన్ ఆపుకుంటుందట, ఆపీ ఆపీ అలిసిపోతే దానికి ఉప్పు పెట్టాలట. సిద్దయ్య తలూపాడు గానీ ఒక్క ముక్క ఎక్కలేదు. పోనీ ఇంట్లో దొడ్డుప్పు ఉందిగా అంటే అదీ పనికిరాదట, మెషిన్‌కు వేరే ఉప్పట! ఉప్పులో కూడా జాతులున్నాయా అనుకుంటూ గౌడవెల్లి బస్సెక్కాడు.

ఇంటికి రాగానే భార్య సత్యమ్మ ముందు కూలబడ్డాడు. ఆమె చేటలో బియ్యం ఏరుతోంది. జరిగిందంతా చెప్పి, "నువ్వే జెప్పు. మనింటి బోరు గూడ నేను జూపిందే. గా నీళ్లకేమన్న వంకున్నదా?" అన్నాడు.

సత్యమ్మ చెయ్యి చేటలో ఆగిపోయింది.

"మనింటి నీళ్లతోని పప్పెన్నడుడికిందయ్యా?"

"మరి రోజు తింటున్న పప్పు?"

"సకీనా వాళ్ల బాయి నీళ్లది. బోరు పడ్డకాడి నుంచి వంటకు ఆడికెల్లే తెస్తున్న."

సకీనాది రెండిళ్ల అవతల ఇల్లు. పొద్దున్నే బిందె చంకనేసుకుని పోతుంటే, ముచ్చట్లు పెట్టడానికి బిందె సాకు దొరికిందని ఇన్నేళ్లూ ఆమెను దెప్పింది సిద్దయ్యే. కోపం రావాలో, సిగ్గుపడాలో ఆయనకు తోచలేదు.

"ఎందుకు జెప్పలే?"

"నీళ్లు పడ్డనాడు తడుసుకుంట చిన్నపిలగాని లెక్క ఎగిరినవ్. ఏమని జెప్పుదు?" అంది సత్యమ్మ, మళ్లీ బియ్యంలో చెయ్యి పెట్టి.

ఆదివారం సిద్దయ్య నాగారం పోయాడు, సంచిలో మెషిన్ ఉప్పుతో. నిఖిల్ చూపించినట్టే డబ్బాలో తన చేత్తోనే పోశాడు. "నీళ్లిచ్చినోణ్ణి నేనే గద బిడ్డా. ఉప్పు గూడ నేనే తెస్త" అన్నాడు. మెషిన్ ఆగాక శైలజ ఒక గ్లాసు తీసి వెలుతురుకు పట్టి చూసింది. అందులోనే నీళ్లు పోసి తండ్రికిచ్చింది. ఉప్పు నీళ్లకు ఉప్పు ఎలా విరుగుడయిందో ఆయనకు ఇప్పటికీ తెలియదు, అడగడం మానేశాడు.

ఆ తర్వాత శామీర్‌పేటలో కొత్తగా ఇల్లు కడుతున్న మధుసూదన్ పిలిస్తే పోయాడు. ప్లాటు మధ్యలో కాయ లేచి నిలబడింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"నీళ్లెట్లుంటయి సిద్దన్నా?" అన్నాడు మధుసూదన్.

బంగారమనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. సిద్దయ్య దాన్ని మింగేశాడు.

"ఉన్నయ్. ఎట్లుంటయో నన్నడగకు పటేలా. పప్పు పొయ్యి మీద పెట్టినంక మీ ఇంట్ల ఆమెనడుగు. అడిగితెనే జెప్తరు వాళ్లు."