నాయన కత్తికి పదును

అమ్మ పోయిన నెలకి ఆమె ఇనప్పెట్టె తెరిస్తే, అడుగున పాత చీర ముక్కలో చుట్టిన నాయన మంగలి కత్తి కనబడింది. తమ్ముడు దాన్ని చూసి, "పాత ఇనుమోనికి ఎయ్యక్కా" అన్నాడు. వాడు తుమ్మలపల్లె గనిలో పని చేస్తాడు, రోజూ మిషన్‌తో గడ్డం గీసుకుంటాడు. వాడికది ఇనుమే. నేను దాన్ని హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. అమ్మ సామాన్ల పంపకంలో నాకు కావాలని తీసుకున్నది అదొక్కటే.

మాది మంగలి పని చేసే ఇల్లు కాదు. ఆ కత్తి మా ఇంటికి రోషంతో వచ్చింది. నందికొట్కూరు దగ్గర మా ఊళ్ళో మంగలివాళ్ళు మా గేరి, అంటే మా వాడ మగవాళ్ళ మొహం మీద చెయ్యి వేసేవాళ్ళు కాదు. తాతల కాలం నుంచి చర్చికి పోతున్నా ఊరికి మేం మాలోళ్ళమే. నాయన పెళ్ళికొడుకైన రోజు కూడా గడ్డం గీయడానికి ఎవరూ రాలేదు. పెళ్ళయిన వారానికే ఆయన కర్నూలు పాతబస్తీకి పోయి ఒక సాయిబు దగ్గర ఈ కత్తి కొనుక్కొచ్చాడు. ముందు తన చెంపలు కోసుకుని, ఆ తర్వాత తన తమ్ముళ్ళ చెంపలు కోసి, మొత్తానికి పని నేర్చుకున్నాడు.

ఆదివారం ఆరాధనకి మాసిన గడ్డంతో పోకూడదని మా గేరిలో పట్టింపు. అందుకని శనివారం పొలాల నుంచి రాగానే మగవాళ్ళంతా చర్చి గోడ నీడలో వరసగా కూర్చునేవాళ్ళు. నాయన గుంజకు కట్టిన తోలు పట్టీ మీద కత్తిని అటూ ఇటూ ఆడించి, ఒక్కొక్కరి గడ్డం పట్టుకుని మొహం పైకెత్తేవాడు. ఎంత మొరటు మనిషైనా ఆయన చేతి కింద కళ్ళు మూసుకుని పసిపిల్లాడిలా కూర్చునేవాడు. ఆయన చేతులు వణకడం మొదలయ్యేదాకా మా గేరికి ఇంకో మంగలి అక్కర రాలేదు.

పన్నెండేళ్ళ కిందట నాయన పోయాడు. మూడు వారాలు మంచంలో ఉండటంతో మొహమంతా తెల్లగడ్డం. మా గేరిలో అందరి గడ్డాలు గీసిన మనిషిని గడ్డంతో శవపెట్టెలో పెట్టడానికి నాకు మనసొప్పలేదు. అప్పటికి కాలం మారిందనుకున్నాం. మా గేరి కుర్రాళ్ళు టౌన్‌లో ఏ షాపులో కూర్చున్నా ఎవరూ లేవమనేవాళ్ళు కాదు. ఆ ధైర్యంతో తమ్ముడు బండేసుకుని ఊళ్ళో మంగలాయన కోసం పోయాడు. ఒక్కడే తిరిగొచ్చాడు. ఆయనన్న మాట చెప్పాడు.

"శవానికి మీరే చేసుకోండప్పా. మీ నాయన చేసేటోడే గదా" అన్నాడట.

నా ఒళ్ళు మండిపోయింది. తమ్ముడు బ్లేడు తెస్తానన్నాడు. వద్దు, ఆయన కత్తితోనే గీస్తానన్నాను. ఆడపిల్ల తండ్రి శవానికి గడ్డం గీయడమేందని మేనత్త గోల పెట్టింది. నేను గవర్నమెంటు ఆసుపత్రిలో నర్సును, ఆపరేషన్‌కి ముందు ఎంతమందికి గీశానో నాకే తెలియదు. కానీ ఆ కత్తి ఎన్నో ఏళ్ళుగా వాడకుండా పడి ఉండి మొద్దుబారిపోయింది. దవడ కింద తెగింది. చచ్చిపోయినవాళ్ళకి రక్తం కారదని నాకు తెలియదా? అయినా దూది పెట్టి అదిమి పట్టుకుని కూర్చున్నాను. ఎవరో వచ్చి నా చెయ్యి తీసేదాకా తీయలేదు.

ఆ మంగలాయన తప్పేముంది, ఊరి పెద్దలకి భయపడ్డాడు అని చాలామంది చెప్పారు. నిజమే అయి ఉండొచ్చు. రానని చెప్పిన నోరు మాత్రం ఆయనదే, ఆ ఎత్తిపొడుపు మాట కూడా ఆయనదే. పాస్టరుగారు క్షమాపణ గురించి ప్రసంగం ఎత్తుకున్నప్పుడల్లా నేను కిటికీలోంచి బయట మేస్తున్న బర్రెల్ని చూస్తూ కూర్చునేదాన్ని. నా మనసు నల్లరేగడి లాంటిది. దిగబడింది ఏదైనా అంత సులువుగా వదలదు.

అలాంటి కత్తి ఇప్పుడు నా చేతికొచ్చింది. దాన్ని బాగు చేయించాలా, అలాగే తుప్పుతో ఉంచుకోవాలా అని కొన్నాళ్ళు తేల్చుకోలేకపోయాను. తుప్పు కూడా నాయనదే కదా అనిపించేది. ఫోన్లో ఎవరెవరో పాత కత్తుల్ని కొత్తవాటిలా తళతళలాడించే వీడియోలు చూశాను. చివరికి మొద్దు కత్తి చూసినప్పుడల్లా ఆ దవడే గుర్తొస్తుంటే ఉండబట్టలేక పనిలో దిగాను. కిరసనాయిలులో నానబెట్టి, సన్నటి గరుకు కాగితంతో రుద్ది, కొమ్ము పిడికి కొబ్బరినూనె పట్టించాను. తుప్పు పోయింది గానీ పదును రాలేదు. నందికొట్కూరులో రెండు మూడు షాపుల్లో అడిగితే నవ్వారు. ఇప్పుడంతా సగం బ్లేడు విరిచి పెట్టుకోవడమేనట, నూరడం ఎవరికీ రాదట. ఒకాయన మాత్రం, బస్టాండు పక్క కొత్త షాపులో ఒక ముసలాయన ఉన్నాడు, ఈ చుట్టుపక్కల ఆ పని తెలిసిన చెయ్యి అదొక్కటే అన్నాడు. ఏ ఊరాయన అని అడిగాను. మా ఊరి పేరు చెప్పాడు. ఆ రోజు రానన్న మంగలాయనే.

ఆ షాపు ముందు నుంచే నేను రోజూ ఆటోలో డ్యూటీకి పోతాను. కొడుకు పెట్టుకున్న షాపులో ఆయన వచ్చి చేరాడని తెలియనే తెలియదు. పన్నెండేళ్ళుగా ఆయన మీద నేను కత్తులు నూరుతున్నాను, ఇక నా కత్తి ఆయన చేతే నూరిస్తాను అనుకున్నాను. నూరించి, నలుగురి ముందు అది ఎవరి కత్తో చెప్పి, ఆయన మొహం చూడాలి. నాకు కావలసింది అదే. ఏమనాలో వారం రోజులు ఇంజెక్షన్లు వేస్తూ లోపల్లోపల అనుకున్నాను.

షాపు కిటకిటలాడే రోజు కావాలని ఆదివారం చర్చి నుంచి నేరుగా పోయాను. ఆయన మూలన స్టూలు మీద కూర్చున్నాడు. బాగా చిక్కిపోయాడు. నన్ను గుర్తుపట్టలేదు. మామా అనో పెద్దాయనా అనో పిలవాలి, పిలవలేదు. కత్తి చూడగానే ఆయన కళ్ళజోడు వెతుక్కున్నాడు. అంచు మీద బొటనవేలి గోరు ఆనించి చూసి, ఎక్కడినుంచో సానరాయి తీయించి, నూనె చుక్కలు వేసి మొదలుపెట్టాడు. చాలాసేపు పట్టింది. ఆ చేతులు ఎంత నెమ్మదిగా, ఎంత శ్రద్ధగా పని చేశాయో! అచ్చం నాయన చేతుల్లాగే మణికట్టు తిప్పుతుంటే నాకు మరింత కోపం వచ్చింది. ఈ చేతులు ఆ రోజు ఏమయ్యాయి?

తోలు మీద ఆడించి, ముంజేతి మీద నాలుగు వెంట్రుకలు గీసి చూసుకుని, తృప్తిగా అడిగాడు. "మంచి ఇనుము మ్మా. ఎవురిది ఈ కత్తి?"

"మా నాయనది. శవానికి మీరే చేసుకోండి అని మా తమ్మున్ని పంపిస్తివే, ఆయనది."

కొడుకు చేతిలో కత్తెర ఆగింది. మొహానికి నురగ పూసుకున్న మనిషి అద్దంలోంచి నా వైపు చూశాడు. ముసలాయన కాదనలేదు. "గ్యాపకం ఉండాది" అన్నాడు. ఆ రోజు వస్తే మర్నాటి నుంచి ఊళ్ళోవాళ్ళు తన అంగడి తొక్కరని భయపడ్డానని తల దించుకునే చెప్పాడు. నేను కోరుకున్నట్టే అయింది. కానీ లోపల మంట ఇంతైనా తగ్గలేదు.

ఆయన కత్తి మడిచి, గుడ్డతో తుడిచి, నేను చాచిన చేతిలో పెట్టకుండా పక్కనున్న బల్ల మీద పెట్టాడు.

చిన్నప్పుడు ఊళ్ళో శెట్టి అంగట్లో ఉప్పు పొట్లం నా చేతికివ్వకుండా అరుగు మీద పడేసేవాళ్ళు.

"చేతికియ్యి" అన్నాను.

"కత్తి చేతికి చేతికి ఇయ్యకూడదు మ్మా. పగ పుడతాది. మా పనిలో ఎవురికీ ఇయ్యం" అన్నాడు.

అది నిజమే. కొడుకు కూడా పక్క కుర్చీ దగ్గర పనిచేస్తున్న మనిషికి కత్తెర కావలసివస్తే బల్ల మీద పెట్టడం ఇంతకుముందే చూశాను. మా అమ్మ కూడా కత్తిపీట నేల మీద పెట్టి తీసుకోమనేది. అంతా తెలిసే నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"పగ కొత్తగా పుట్టేదేముండాది? శానా ఏండ్ల నుంచి ఉండాది. చేతికియ్యి."

ఆయన కొడుకు వైపు చూశాడు. కొడుకు కుర్చీల్లో ఉన్నవాళ్ళ వైపు చూశాడు. వాళ్ళు అద్దాల్లోకి చూసుకున్నారు. ముసలాయన బల్ల మీద నుంచి కత్తి తీసి, పిడి నా వైపు తిప్పి, నా అరచేతిలో పెట్టాడు. ఆయన వేళ్ళు నా వేళ్ళకి తగిలాయి, చల్లగా ఉన్నాయి.

నేను గడప దాటుతుంటే వెనక నుంచి, "మనసులో పెట్టుకోవాకమ్మా" అన్నాడు.

"పెట్టుకుంటా" అని చెప్పి వచ్చేశాను.