మగ్గాలు ఆపి రాయించిన పరీక్ష

అది కరోనా రెండో ఏడాది. సూరత్‌లో మిల్లు భవనాలు కట్టించే ప్రాజెక్టు మేనేజరుగా నాకు పద్దెనిమిదేళ్ల అనుభవం ఉంది. అయినా ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్ లేదని కంపెనీ నన్ను తీసేసింది. దాంతో నలభై నాలుగో ఏట, ఊరి శివారు భేస్తాన్‌లోని మా ఇంట్లో, ఆ సర్టిఫికెట్ కోసం ఆన్‌లైన్ పరీక్షకు కూర్చున్నాను.

పావుగంట కాకముందే, కెమెరాలో నన్ను గమనిస్తున్న అమ్మాయి స్పీకరులో హెచ్చరించింది. "చప్పుడు ఆగకపోతే పరీక్ష రద్దు చేస్తాం."

అది మా కింది అంతస్తులోని మరమగ్గాల చప్పుడు. నేను కుర్చీలోంచి లేవకూడదు. పక్కగదిలో ఆ మాట విన్న నా భార్య కిందికి పరుగెత్తింది. కాసేపటికి మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

నాలుగు గంటలు రాశాను. తప్పాను.

మొహం చెల్లక, మెల్లగా మెట్లు దిగాను. సిరిసిల్ల నుంచి వచ్చి ఆ మగ్గాలు నడిపే కార్మికులు పని లేక గుమ్మంలో కూర్చుని ఉన్నారు. వాళ్లలో పెద్దవాడు మల్లన్న లేచి వచ్చాడు.

"ఏమైంది తమ్మీ?"

"పోయింది మల్లన్నా. మీ పని గూడ చెడగొట్టిన."

"గట్లనకు. మళ్ల ఎప్పుడు రాస్తవో జర ముందుగాల్ల చెప్పు. మగ్గాల సేఠ్‌కు మేం చెప్పుకుంటం."

అన్నట్టుగానే రెండోసారీ మగ్గాలు ఆపారు. ఆసారి పాసయ్యాను, ఉద్యోగమూ దొరికింది. కానీ పాసైన రోజు కంటే, తప్పిన రోజు మల్లన్న అన్న మాటే నాకు ఎక్కువగా గుర్తొస్తుంది.