అక్క చూడని సీరియల్

తెలంగాణ కోసం అందరూ పని ఆపేసిన సమ్మె రోజులవి. జగిత్యాలలో నేను పాఠాలు చెప్పే సర్కారు బడికి తాళం పడింది. పొద్దున దీక్షా శిబిరంలో కూర్చునేదాన్ని. ఆ తర్వాత ఏం చేయాలో తోచేది కాదు. నాలుగు రోజులు ఉండివద్దామని షేరాటో ఎక్కి కోరుట్లలో ఉన్న అక్క దగ్గరికి వెళ్లాను.

బావ దుబాయిలో ఉంటాడు. అక్క ఇంట్లో బీడీలు చేస్తుంది. నాలుగో తరగతి చదివే ఆమె బిడ్డకు కూడా బడి లేదు. పిల్లకు పొద్దుపోవడానికి ఏమైనా దొరుకుతుందేమోనని సీడీల దుకాణంలో వెతికితే, మా చిన్నప్పటి సీరియల్ కనబడింది. గాలిలో ఎగిరొచ్చి ఆపదలో ఉన్నవాళ్లను కాపాడే వీరుడి కథ. అప్పట్లో సిరిసిల్లలో మా ఇంట్లో టీవీ లేదు. నాయిన మరమగ్గాలు నడిపే షెడ్డు యజమాని ఇంటి వరండాలో కూర్చుని, ఆదివారం పొద్దున నోరు తెరుచుకుని చూసేదాన్ని.

సీడీ వేసి రెండు నిమిషాలు కాలేదు.

"చిన్నమ్మా, గాయినకు తాడు కట్టిండ్రు. కనబడ్తలేదా?" అంది పిల్ల.

నిజమే, తాడు స్పష్టంగా కనబడుతోంది. వెనక కొండ గాలికి ఊగుతోంది. అది బట్ట మీద వేసిన బొమ్మ. నేను సిగ్గుపడి నవ్వేశాను. అక్క మాత్రం నవ్వలేదు. బీడీలు చుట్టడం ఆపి, కొత్త సినిమా చూస్తున్నట్టు చూస్తోంది.

"గా ఎగిరే ఆమె ఎప్పుడొస్తదే?" అని అడిగింది.

"ఏ ఆమె?"

"గదే, నీలం చీర కట్టుకొని వస్తది సూడు. షెడ్డుల పనిచేసే పోరిని ఎత్తుకపోయి బడిల దింపుతది."

కరెంటు ఉన్నప్పుడల్లా చూస్తూ మూడు రోజుల్లో సీడీలన్నీ అయిపోయాయి. అలాంటి ఆమె ఎక్కడా రాలేదు.

"నువ్వు గూడ నా పక్కనే కూసోని చూసినవ్ కదక్కా, యాదికి లేదా?" అన్నాను.

"నేనెక్కడ చూసిన్నే? నిన్ను వరండాల కూసోబెట్టి, షెడ్డుకు పోయి నూలు కండెలు చుడుతుంటి. ఇంటికి పోయేటప్పుడు నువ్వు చెప్తె ఇనుడే."

ఇన్నేళ్లూ నా జ్ఞాపకంలో అక్క నా పక్కనే కూర్చుని ఉంది. ఆ ఏడే ఆమెను బడి మాన్పించారు. రెండో తరగతి పిల్లను నేను, దారిలో ఆమె మొహం చూసి ఆ కథ కల్పించి ఉంటాను.

"గామె లేదక్కా. నేనే ఉత్తగ చెప్పిన."

అక్క బాధపడుతుందనుకున్నాను. చాటలో తంబాకు చెదిరిపోయేంతగా నవ్వింది. "దొంగముండా! మస్తు దినాలు షెడ్డు తలుపు దిక్కు చూసిన్నే నేను!"

పిల్ల మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "అమ్మా, నువ్వు ఎన్నో తరగతి దాక చదివినవ్?"

"నాలుగు. నీ అంతనే."

"అయితే ఇప్పుడు ఐదు చదువు. చిన్నమ్మ ఖాళీగనే ఉన్నది కదా."

"గీ వయసులనా? నలుగురు నవ్వుతరు బిడ్డ" అంది అక్క. కానీ మరునాడు పొద్దున చాట పక్కన పిల్ల పాత నోట్‌బుక్కు ఒకటి పెట్టుకుని కూర్చుంది.

చదవడం ఆమెకు కష్టం కాలేదు. ఉద్యమం వార్తల కోసం రోజూ పేపరు కూడబలుక్కుంటూనే ఉంది. భిన్నాలే సతాయించాయి. చివరికి బీడీ కట్ట విప్పి సగం, పావు చేసి చూపిస్తే, "గింతేనా? గిది చెప్పుటానికి గంత పేరా?" అంది. సమ్మె ముగిసి నేను జగిత్యాల వెళ్లిపోయాక కూడా ఆదివారాలు కోరుట్ల బస్సెక్కేదాన్ని.

తర్వాత అక్క ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టింది. మొదటిసారి ఇంగ్లీషు తప్పింది. వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత తనే ఫోన్ చేసి, మళ్లీ రాస్తానంది. రెండోసారి ఫలితాలు వచ్చిన రోజు నెట్ సెంటర్ నుంచే ఫోన్ చేసి, పాసైందని చెప్పాను. హాల్‌టికెట్ నంబరు ఒక్కొక్క అంకే రెండుసార్లు చదివించుకుంది.

తర్వాత అడిగింది: "ఇంటర్ గూడ గిట్లనే ఇంట్లుండి రాయచ్చానే?"