రతన్‌పూర్ అమ్మవారి చీరలో కలవని ముక్క

అబద్ధం రాస్తున్నారు మీరు.

"మా చిన్నప్పుడు బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో కులం అంటే ఏమిటో తెలీదు... అందరం ఒకే కుటుంబం..." అని పోస్టు పెట్టి, కింద దండాల బొమ్మలు అందుకుంటున్నారే, మీకే చెప్తున్నా. తెలుసు. మీకు తెలుసు, మీ అమ్మకి తెలుసు, మా అమ్మకైతే ఇంకా బాగా తెలుసు.

సరే, మా చిన్నప్పటి సంగతి నేనూ చెప్తాను...

నవరాత్రుల ముందు మా క్వార్టర్ వరండాలో అమ్మ కుట్టు మిషను ఆగేది కాదు. తెలుగువాళ్ళ ఇంటింటి నుంచీ ఒక రవికముక్క వచ్చేది... అన్నీ కలిపి కుడితే, గంట దూరంలోని రతన్‌పూర్ అమ్మవారికి చీర. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైలు ఉద్యోగాలకొచ్చిన మనవాళ్ళు ఇక్కడ పెట్టుకున్న ఆచారం. ఒకప్పుడు ఈ ప్రాంతానికి రాజధాని రతన్‌పూర్. రాజులు పోయారు, కోట కూలింది. అయినా చుట్టుపక్కల పల్లెలకి సంతైనా, ఆస్పత్రైనా, మొక్కైనా రతన్‌పూరే.

ఇంటింటి నుంచీ అన్నానా... చివరి లైను ఇళ్ళు ఆ లెక్కలో లేవు.

ఆ లైనులో పైడమ్మ ఉండేది. స్టేషన్లో పట్టాలు కడిగే డ్యూటీ. కాలనీ ఆడవాళ్ళందరినీ అత్తా, పిన్నీ అనేవాళ్ళం. ఆమె మాత్రం మాకు ఉత్త పైడమ్మ. ఆమె కూతురు నీల నా క్లాసే. ఆ ఏడు నీలకి పచ్చకామెర్లు ముదిరి, చావు తప్పింది. పిల్ల బతికితే అమ్మవారి చీరలో తన ముక్కా ఉండాలని పైడమ్మ మొక్కుకుంది. గోల్ బజార్ వెళ్ళి, ఎర్రంచు చిలకాకుపచ్చ రవికముక్క ఏరి కొని తెచ్చింది. మా వరండా మెట్టు మీద పెట్టింది. పైకి ఎక్కలేదు.

మెటాడోర్ వ్యాను మాట్లాడుకుని బయల్దేరాం. పైడమ్మా, నీలా వెనక గిన్నెల దగ్గర... తోమడానికి మనిషి కావాలి కదా మరి!

రతన్‌పూర్‌లో పులిహోర గిన్నె దించుతున్నప్పుడు పైడమ్మ చూసింది. గిన్నె మూతకి బిగించి కట్టిన గుడ్డ... చిలకాకుపచ్చ, ఎర్రంచు. నూనె, పసుపు, మసి.

"ఏటమ్మా ఇది? నా గుంట నీలకి మొక్కుకున్న గుడ్డ కాదేటి?"

గార్డు గారి భార్య వరలక్ష్మత్తదే అక్కడ పెత్తనం. "చీర పొడుగైపోయిందే పైడీ, నీ ముక్క పట్టలేదు. ప్రసాదం గిన్నెకే కదా కట్టాం, అదీ పుణ్యమేలే" అంది. ఎవరో కిసుక్కుమన్నారు.

"అచ్ఛా... నా ముక్క కాడికొచ్చీసరికి పొడుగైపోనాదా? మీ ఇంటియి మూడు ముక్కలు పట్టినాయి కదమ్మా!"

పైడమ్మ ముడి విప్పింది. కుళాయి కింద ఉతికింది, పిండింది. నీల చెయ్యి పట్టుకుని, ఆ తడిగుడ్డతోనే దర్శనం వరసలో నిలబడింది. పూజారి హిందీలో ఒకటే అడిగాడు... ఎవరి పేరు మీద అని. కూతురి పేరు చెప్పింది. తీసుకున్నాడు. ఏ లైను అని అడగలేదు. అడిగేది మనం.

తిరుగు ప్రయాణంలో మెటాడోర్‌లో వాళ్ళిద్దరికీ చోటు లేదన్నారు. గిన్నెలు ఖాళీ అయ్యాక చోటెలా తగ్గిందని నేను అడిగాను. "నువ్వూరుకోవే" అంది అమ్మ, కిటికీ వైపు తిరిగి. జబ్బు నుంచి లేచిన పిల్లని పట్టుకుని ఆ తల్లి రోడ్డు పక్కన నిలబడింది... బండి కదిలిపోయింది.

వారం తర్వాత నీల బడికొచ్చింది. ఆ తర్వాత నాతో తెలుగులో మాట్లాడలేదు. ఏదడిగినా హిందీలోనే జవాబు. మన పిల్లలకి తెలుగు రావట్లేదని ఏడుస్తారే, కొందరి నోట్లోంచి ఆ భాషని మనమే లాగేశాం. అది కూడా రాయండి మీ తీపి జ్ఞాపకాల్లో.

ఇప్పుడు రతన్‌పూర్ రోడ్డు వెడల్పైంది. మెటాడోర్ పోయి ఏసీ బస్సు వచ్చింది. మిషను మీద అమ్మల బదులు ఊళ్ళో సర్కండా వైపు టైలరు కుడుతున్నాడు. మొన్న మన కాలనీ తెలుగువాళ్ళ గ్రూపులో మెసేజ్ చూశాను... "కాంట్రాక్టు క్లీనింగ్ ఆడవాళ్ళ ముక్కలు విడిగా పెట్టండి" అని. విడిగా! అన్నీ మారాయి, ఈ ఒక్క మాట తప్ప.

కాబట్టి నేను అడిగేవి ఇవి:

వచ్చిన ప్రతి ముక్కా ఒకే చీరలో, వచ్చిన వరసలో కుట్టాలి.

ఆ మెసేజ్ తీసేయాలి. ఎందుకు తీశారో గ్రూపులోనే రాయాలి.

క్లీనింగ్ ఆడవాళ్ళు బస్సులో తమకి నచ్చిన సీట్లో కూర్చుంటారు. వెళ్ళిన వాళ్ళందరూ తిరిగి ఎక్కాకే బస్సు కదలాలి.

గిన్నెలు తిన్నవాళ్ళే తోమాలి.

మీ ఇళ్ళల్లో ఎవర్ని ఏ మెట్టు దగ్గర ఆపారో కింద కామెంట్లలో రాయాలి.