అత్తమ్మ ముట్టని ఉయ్యాల

మా అత్తమ్మ ఏ వస్తువునూ ఊరికే కూర్చోనివ్వదు. మనుషులను అసలే కూర్చోనివ్వదు, అది వేరే సంగతి. శబరి నది ఒడ్డున కొంటాలో మా కిరాణా దుకాణం ముందు, ఇల్లు వెనక. నా కూతురికి ఒక వస్తువుతో పని తీరిందంటే చాలు, అది ఇంట్లోంచి దుకాణంలోకి ఉద్యోగానికి వెళ్లిపోయేది.

మొదట వెళ్లింది వాకర్. మా ఆయన జగదల్‌పూర్‌లో ముచ్చటపడి కొని, బస్సు మీద కట్టించి తెచ్చాడు. పిల్లకు నడక రాగానే అత్తమ్మ దాని సీటు పీకేసి, చెక్క బిగించి, నూనె డబ్బాను ఎక్కించింది. ఇప్పుడు ఆ డబ్బా దుకాణమంతా తిరుగుతుంది. దారిలో మీట నొక్కుకుపోతే పాట కూడా పాడుతుంది. ఒకప్పుడు పిల్ల పడుకున్న దోమతెర గొడుగు కింద ఇప్పుడు డాబా మీద మినప వడియాలు పడుకున్నాయి. కాకులు చుట్టూ తిరిగి తిట్టుకుంటూ పోతాయి.

పాలసీసా తేనె కొలతకు వచ్చింది. అడవి తేనె తెచ్చి అమ్మే ఆమె మొదటిసారి చూసి పగలబడి నవ్వింది.

"ఏందమ్మా, తేనెకు పాలసీసా పడుతున్నవా?"

"నవ్వుతవేంది? గీతలు చూడు. నీకూ కనపడతయ్, నాకూ కనపడతయ్," అంది అత్తమ్మ.

ఇప్పుడు ఆమే వస్తూ వస్తూనే సీసా తెమ్మంటుంది.

ఇంత పనిమంతురాలు ఉయ్యాల జోలికి మాత్రం పోలేదు. పసితనంలో మా ఆయనా, తర్వాత నా కూతురూ పడుకున్న పాత టేకు ఉయ్యాల అది. నడిమింట్లో దూలానికి గొలుసులతో వేలాడుతూ వచ్చేపోయే వాళ్ల తలలకు తగిలేది. నా కూతురు ఊపబోతే అత్తమ్మ గొలుసు పట్టేసుకునేది.

"ఖాళీ ఉయ్యాల ఊపగూడదు."

దాన్ని దుమ్ము లేకుండా తుడిచేది. తుడుస్తూ తుడుస్తూ నా మొహం వైపు చూసేది. నేను గిన్నెలు తీసుకుని పెరట్లోకి పోయేదాన్ని. నూనె డబ్బాకు కూడా బండి ఇచ్చిన మనిషి ఉయ్యాలను ఖాళీగా ఉంచిందంటే, దాన్ని నింపే పని నాదే అని అర్థం కాదా?

నాకేమో ఇంకో బిడ్డ వద్దు. మొదటి కాన్పుకు నన్ను జీపులో భద్రాచలం తీసుకుపోతుంటే దారంతా రక్తం పోయింది. బతికి వచ్చాను, అంతే. ఒక్కతే చాలని నేనూ మా ఆయనా అనుకున్నాం. ఆ మాట వాళ్లమ్మకు చెప్పమంటే ఆయన "నువ్వే చెప్పు" అని చింతపండు బస్తాల వెనక్కి మాయమయ్యేవాడు. దుకాణంలో అన్ని బస్తాలు ఉండేది అందుకేనేమో.

ఒక మధ్యాహ్నం చుట్టాలావిడ ఒకరు వచ్చి, ఉయ్యాలకు తల కొట్టుకుని, "రెండోవాడు ఎప్పుడు?" అని అడిగి, కాఫీ తాగి వెళ్లింది. ఆమె వెళ్లగానే అత్తమ్మ తుడిచే గుడ్డ తీసింది. ఇక ఆగలేకపోయాను.

"అత్తమ్మా, నాకు ఇంకో బిడ్డ వద్దు. భయమైతది. మీరు ఏమన్న అనుకోండి."

అత్తమ్మ గుడ్డ పట్టుకుని అలాగే కింద కూలబడింది. ఆమె పని లేకుండా కూర్చోవడం నేను అప్పుడే చూశాను.

"నీకు కావాలేమోనని ఉంచిన, బిడ్డా," అంది. "తుడిచినప్పుడల్లా నీ మొహం చూస్తుంటి, ఎప్పుడు ఇంకోసారి అంటవో అని. నాకూ భయమే. జీపుల నీ తల నా ఒళ్లనే గదా ఉన్నది. నెత్తురంటిన ఆ చీర మళ్ల కట్టలే. చింపి పీలికలు కూడా చెయ్యలే. శబరిల వదిలేసిన."

చిరుగుల బనీను కూడా పారేయని మనిషి. నేనూ ఆమె పక్కనే కింద కూర్చున్నాను.

కాసేపటికి ఆమే లేచింది. "పో, ఉల్లిగడ్డల బస్తా పట్టుకరా. గాలి తగలక మురుగుతున్నయ్."

బస్తా ఈడ్చుకొచ్చి ఇద్దరం ఉయ్యాలలోకి వంచాం. నా కూతురు పరుగెత్తుకొచ్చి గొలుసు పట్టుకుని ఊపింది. ఎవరూ ఆపలేదు. నాకు కళ్లు మసకబారి ఉల్లిగడ్డలు కనిపించడం మానేశాయి.

"ఇంకా కొయ్యనే లేదు, అప్పుడే ఏడుస్తవేంది?" అంది అత్తమ్మ, కొంగుతో తన కళ్లు తుడుచుకుంటూ.