ఏసీకి ఎక్కించిన సెలైను

బత్తలపల్లెలో ఎర్రిస్వామి ఫ్రిజ్జుల మెకానిక్కు. పక్కనే పంక్చర్ల అంగడి నాది కాబట్టి అతని గొప్పలన్నీ పదేళ్లు ఉచితంగా విన్నాను. తన చేయి పడిన మిషను రెండోసారి రిపేరుకు రాదని అంగడి గోడమీద ఎర్ర రంగుతో రాయించుకున్నాడు. నిజంగానే ఒక్కటీ రాలేదు. ఆ మాట ఒప్పుకోవాలంటే నాకు కడుపు మండుతుంది.

రెండువేల ఒకటి ఎండాకాలంలో కొండప్ప తన ముసలి ట్రాక్టరు తోలుకొచ్చాడు. ఆయనకు నలభై ఎకరాల మెట్ట, ఒళ్లంతా చెమటకాయలు. ట్రాక్టరు మీద ఎప్పుడో అద్దాల గది కట్టించి, పాత కారు ఏసీ బిగించుకున్నాడు. అది చల్లబరచడం మానేసి రెండేళ్లయింది. ఆ పాత రకం గ్యాసు దొరకడమే గగనమైంది. ఎర్రిస్వామి కంప్రెసరులో నూనె మార్చి, రబ్బరు రింగులు మార్చి, కొత్త రకం గ్యాసు నింపాడు. ఇక కొండప్ప మిట్టమధ్యాహ్నం దుప్పటి కప్పుకొని దున్నుతున్నాడని ఊళ్లో చెప్పుకున్నారు.

వారం తిరక్కుండానే ట్రాక్టరు వెనక్కి వచ్చింది. చల్లగానే ఉందట, నీళ్లు మాత్రం కారడం లేదట. మద్రాసులో బావమరిది ఇంటి ఏసీకి రోజుకో బకెట్టు వస్తాయట. ఐదు బోర్లు వేయించి ఐదింట్లోనూ దుమ్మే చూసిన మనిషి, ఏ మిషనునైనా నీళ్లతోనే కొలుస్తాడు. మద్రాసు గాలిలో తేమ ఉంటుందని, మన ఎండాకాలపు గాలిలో పిండడానికి ఏమీ లేదని ఎర్రిస్వామి నచ్చజెప్పబోయాడు.

“బోరోళ్లు గూడా ఇట్లే చెప్పినారప్పా, నేల్లో ఏం లేదని,” అన్నాడు కొండప్ప.

ట్రాక్టరును సరిగ్గా ఆ ఎర్ర రాత కిందే నిలబెట్టి టీ తాగడానికి పోయాడు. బస్సు దిగినవాళ్లంతా రాత చదివి, ట్రాక్టరును చూసి, నవ్వుకుంటూ పోయారు. నేనూ నవ్వాను.

ఎర్రిస్వామి మొహం మాడిపోయింది. ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గరికి పోయి ఖాళీ సెలైను సీసా, దాని గొట్టం తెచ్చాడు. బోరింగు నీళ్లు నింపి సీటు వెనక దాచి, ఏసీ నీళ్లు పోయే పైపులోకి గొట్టం దూర్చాడు. గొట్టం మీది చిన్న చక్రం తిప్పి నిమిషానికి ఇరవై చుక్కలు పెట్టాడు. కొండప్ప వచ్చి వంగి చూశాడు. లేచేటప్పటికి ఆయన కళ్లు తడిగా ఉన్నాయి.

అక్కడినుంచి ఎర్రిస్వామికి పని పడింది. రోజూ తెల్లారగానే గ్యాసు చూస్తానని చెప్పి, నాలుగు మైళ్లు సైకిలు తొక్కి కొండప్ప ఇంటికి పోయి సీసా నింపి వచ్చేవాడు. ఇంజను ఆపినా కారుతోందేమని అడిగితే, మిగిలిన చలువ అన్నాడు. కొండప్ప భార్య లక్ష్మీనరసమ్మ కింద చెంబు పెట్టి, ఆ నీళ్లు కరివేపాకు చెట్టుకు పోసేది.

జూలైలో ఒక పొద్దున ట్రాక్టరు అప్పుడే చేనినుంచి వచ్చి ఆగింది. సీసా నింపబోయిన ఎర్రిస్వామి గతుక్కుమన్నాడు. సీసా ఎండిపోయి ఉంది, పైపు మాత్రం ధారగా కారుతోంది. మన గాలికీ తేమ వచ్చింది, వాన దగ్గర్లోనే ఉంది. కొండప్ప వేరుశనగ విత్తనం ఇంకా ఒలిపించలేదు. ముందే ఒలిపిస్తే గింజ పాడవుతుంది, ఆలస్యమైతే నేల పదును ఆరిపోతుంది. పోయిన ఏడాది పంట అట్లాగే పోగొట్టుకున్నాడు.

ఈరోజే కాయలు ఒలిపించమని, కావాలంటే ఏసీ ఎట్లా కారుతోందో చూడమని ఎర్రిస్వామి బతిమాలాడు.

“రెండు నెల్లుగా కార్తానే ఉండాది గదప్పా. వాన యాడొచ్చె?” అన్నాడు కొండప్ప.

నేనైతే నోరు మూసుకుని, పరువు కాపాడుకుని వచ్చేసేవాణ్ని. ఎర్రిస్వామి సీటు వెనకనుంచి సీసా పీకి ఆయన చేతిలో పెట్టాడు.

“ఇన్నాళ్లూ కారింది ఇదన్నా. ఈ పొద్దు కారేదే నిజం.”

కొండప్ప సీసాను చూశాడు, ఎర్రిస్వామిని చూశాడు. కూలీలకు కబురు పంపాడు. మూడోనాడు వాన కురిసింది. నలభై ఎకరాలూ పదునులోనే విత్తారు.

తర్వాతి వారం ఎర్రిస్వామి గోడమీది రాతకు సున్నం కొడుతుంటే ట్రాక్టరు మళ్లీ వచ్చింది. తిట్లు వినొచ్చని నేను ఆశగా లేచాను. కొండప్ప దిగి, సంచీలోంచి ఆ సెలైను సీసా తీసి ఇచ్చాడు.

“మళ్లా బిగించప్పా. ఐదు బోర్లేయించినా, నీళ్లు పడింది దీంట్లోనే.”